ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ కుంచె పట్టాము

బి.పి. గురించో, షుగర్ గురించో, వానాకాలపు జ్వరాల గురించో వ్రాయడం మాకు అలవాటు. ఈసారి బొమ్మల గురించి వ్రాస్తున్నాము. నర్సులకు బొమ్మలతో ఏమి పని అని కొట్టిపారేయకుండా కాస్త ఓపికగా చదవమని మనవి.

2022 వేసవిలో మా ఆసుపత్రి స్టోరు గది సర్దుతుండగా చిన్న సిస్టర్లకు అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. మూత తీస్తే పాత చీర ముక్కల్లో చుట్టిన చెక్క బొమ్మలు. అంబారీ ఏనుగు ఒకటి, దాని మీద రాజు, ముందు మావటి, వెనుక గొడుగు పట్టినవాడు. రెండు గుర్రాల మీద ఇద్దరు రౌతులు. జానెడు కూడా లేని కాలిబంట్లు తొమ్మిది మంది. వాటితోపాటు ఎండిపోయిన రంగు డబ్బాలు, వెంట్రుకలు ఊడిన కుంచెలు. "మేడమ్, ఇవి ఎవరివి?" అని అడిగారు. మావే.

మేము అంటే ముగ్గురం. ఈ వ్యాసం వ్రాస్తున్న నర్సింగ్ సూపరింటెండెంటు, మా ఆపరేషన్ థియేటర్ సిస్టరు, ఆ సంవత్సరమే రిటైరై వైరాలోనే స్థిరపడిన పబ్లిక్ హెల్త్ నర్సు. ఆమె మాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆలస్యంగా ట్రైనింగులో చేరి మా తరగతిలో కూర్చున్నారు. అందుకని అప్పటినుంచీ ఆమె మాకు అక్క. మేము విజయవాడ వైపు హాస్టలులో ఉన్న రోజుల్లో, నెలకొకసారి దొరికే ఆదివారం సెలవుకు కొండపల్లి వెళ్ళేవాళ్ళం. మొదటిసారి వెళ్ళింది కోట చూడటానికి. కోట కంటే కింద బొమ్మల వీధి మాకు ఎక్కువ నచ్చింది. ఆ తర్వాత కోట ఎక్కనే లేదు.

అక్కడ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియనివారి కోసం నాలుగు మాటలు. కొండపల్లి కొండల మీద, ఆ చుట్టుపక్కల అడవిలో పెరిగే తెల్ల పొణికి కర్ర వాడతారు. బెండులాగా తేలికగా, మెత్తగా ఉంటుంది. బాగా ఆరబెట్టి, తల వేరు, చేతులు వేరు, కాళ్ళు వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో ఆ ముక్కలను అతికి, అతుకులు కనబడకుండా సాపు చేస్తారు. దాని మీద తెల్లటి సుద్ద పూత, ఆ తర్వాతే రంగులు. మేకవెంట్రుకల సన్నని కుంచెతో ముక్కు, మీసం, నగలు దిద్దుతారు. చెక్కేది ఎక్కువగా మగవాళ్ళు, రంగులు దిద్దేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఈ పని చేసే ఆర్యక్షత్రియుల కుటుంబాలవారు తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు.

మాకు కుంచె పట్టడం నేర్పింది ఆ వీధిలో ఒక పెద్దావిడ. "అమ్మాయిలూ, చేత్తో రంగు వెయ్యకండి, ఊపిరితో వెయ్యండి" అనేది. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టమని దాని అర్థం. కళ్ళు మాత్రం అన్నిటికంటే చివర దిద్దాలనేది ఆమె పట్టు. కళ్ళు పడిన తర్వాత బొమ్మ మనల్ని చూస్తుందట, తప్పు సరిదిద్దబోతే చేయి వణుకుతుందట. ఇంజెక్షను నేర్చుకునేటప్పుడు మా ట్యూటరు చెప్పిన దానికంటే ఆ ఊపిరి సంగతే మాకు ఎక్కువ అక్కరకు వచ్చింది.

రంగు వేయని బొమ్మలు ఆ ఇంటివారి దగ్గర తక్కువ ధరకు కొనుక్కొని, హాస్టలులో రాత్రి దీపాలు ఆర్పేదాకా కూర్చునేవాళ్ళం. మిగతా అమ్మాయిలు తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడిని, దంపుడు దంచే ఆడవాళ్ళను కొనుక్కునేవారు. మా అక్కకు మాత్రం సైన్యం కావాలి. ఆమెది జనగామ వైపు పల్లె. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి మందహెచ్చులవారు వచ్చి, గొల్లవారి కోసం కాటమరాజు కథ చెప్పేవారట. యాభైకి పైగా చెక్క బొమ్మలు పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తూ చెబుతారు. ఆ బొమ్మలకు రంగులు దిద్దేది చేర్యాల నకాషీ చిత్రకారులు. పశువుల మేత పుల్లరి దగ్గర మొదలై, నెల్లూరు రాజు మనుమసిద్ధికీ కాటమరాజుకూ 13వ శతాబ్దంలో జరిగిన యుద్ధం ఆ కథ. పుస్తకంలో చదివిన యుద్ధాలన్నీ మరచిపోయినా బొమ్మలతో చూసిన ఆ యుద్ధం ఇప్పటికీ వరసగా చెబుతుంది మా అక్క.

చరిత్రను చేతిలో పట్టేంత బొమ్మలుగా చేసుకోవాలనే కోరిక అన్ని దేశాల్లోనూ ఉన్నది. లండనులో విలియం బ్రిటన్ కంపెనీ 1893 నుంచి లోపల డొల్లగా ఉండే సీసపు సైనికులను పోతపోసి అమ్మింది. వాటితో నేల మీద ఆడే యుద్ధానికి నియమాలు వ్రాసి, హెచ్.జి. వెల్స్ అనే రచయిత 1913లో ఒక పుస్తకమే అచ్చు వేశాడు. నెరిసిన మీసాలవాళ్ళు కూడా ఆ బొమ్మలకు రంగులు వేసుకుంటూ కూర్చోవడం అక్కడ తప్పుగా చూడరు. హైదరాబాదు వెళ్ళినవారు సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం దాటి వెళ్ళిపోకండి. అక్కడి చిన్న సైనికుల దగ్గర మేము ఒకసారి ఎంతసేపు నిలబడ్డామంటే, తిరుగు బస్సు తప్పిపోయింది.

ఉద్యోగాలు వచ్చాయి, పెళ్ళిళ్ళు అయ్యాయి, పిల్లలు పుట్టారు. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్ళకు కుంచె ఎక్కడ గుర్తుంటుంది? పెట్టె అటకెక్కింది. 2020, 2021 సంవత్సరాలు ఎలా గడిచాయో మీ అందరికీ తెలుసు, మళ్ళీ చెప్పము. ఆ తర్వాత మాకు ముగ్గురికీ సరిగా నిద్ర పట్టేది కాదు. పెట్టె దొరికిన రోజు సాయంత్రం అక్క వచ్చి బొమ్మలన్నీ బల్ల మీద వరసగా నిలబెట్టింది. "గురువారం మధ్యాహ్నం ముగ్గురమూ ఖాళీ పెట్టుకుందాం" అన్నది. అలా మళ్ళీ మొదలయింది.

మొదటి గురువారం సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉన్నది. రాజుగారి మీసం దిద్దబోతే మూతి నిండా మసి పూసినట్టయింది. ముప్పై ఏళ్ళలో పనితనం పోయిందనుకున్నాము. పోయింది పనితనం కాదు, దగ్గరి చూపు. నలభై దాటిన తర్వాత కంటిలోని కటకం బిగుసుకుపోయి దగ్గరి వస్తువులు మసకబారడం అందరికీ జరిగేదే. మాకు పేపరు చదివే అద్దాలు ఉన్నాయి. కానీ పేపరును పట్టుకునే దూరం వేరు, బొమ్మను పట్టుకునే దూరం వేరు. కంటి పరీక్షకు వెళ్ళినప్పుడు బొమ్మను వెంట తీసుకెళ్ళి, "ఇంత దగ్గరగా పెట్టుకుంటాము" అని చూపించాము. ఆ దూరానికి వేరే అద్దాలు వ్రాసి ఇచ్చారు. కుట్టుపని, పూసలు గుచ్చే పని చేసే మా పాఠకులు కూడా ఇలాగే చేయండి. సంతలో అద్దాలు పెట్టి చూసుకొని కొనేస్తే అక్షరం కనబడవచ్చు గాని, లోపల నీటికాసులో, షుగర్ వల్ల రెటీనాకు వచ్చిన దెబ్బో ఉంటే ఎవరు చూస్తారు? షుగర్ ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏటా ఒకసారి చుక్కల మందు వేయించుకొని కంటి లోపల పరీక్ష చేయించుకోవాలి.

అద్దాలు వచ్చాక మేము ఇద్దరం మెల్లగా దారిలో పడ్డాము. థియేటర్ సిస్టరు పడలేదు.

మా ముగ్గురిలో చేయి తిరిగినది ఆమెదే. హాస్టలులో గుర్రపు కళ్ళేలు, కత్తి ఒరల మీద పూలు ఆమె ఒక్కతే దిద్దేది. ఇప్పుడు కళ్ళెం గీత గీస్తే రంపపు పళ్ళలాగా వస్తున్నది. "చేయి తప్పింది, ఇక నా వల్ల కాదు" అని నవ్వేసింది. రెండో గురువారం డ్యూటీ ఉన్నదన్నది, మూడో గురువారం తలనొప్పి అన్నది. నాలుగోసారి అక్క ఆమె ఇంటికే వెళ్ళి తీసుకొచ్చి, కుంచె ఇవ్వలేదు. చేతులు ముందుకు చాచి వేళ్ళు విడదీయమన్నది. వేళ్ళ మీద ఒక పల్చటి కాగితం పరిచింది. కాగితం అంచు రెపరెపలాడింది.

ముగ్గురమూ నర్సులం. ఆ పరీక్ష ఎందుకు చేస్తారో ముగ్గురికీ తెలుసు. ఎనిమిది నెలలుగా ఆమె జాకెట్లు వదులవుతున్నాయి, ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పడుతున్నాయి, గుండె దడదడ అంటున్నది, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆమె వయసు చూసి, బహిష్టులు ఆగిపోయే దశలో ఇవన్నీ మామూలే అని ఆమే అనుకుంది, మేమూ అనుకున్నాము. రోగులకు వంద జాగ్రత్తలు చెప్పే మేము, పక్కన కూర్చొని అన్నం తినే మనిషిని సరిగా చూడలేదు. ఇంకొక సంగతి కూడా ఆ రోజే చెప్పింది. కొన్ని వారాలుగా పెద్ద కేసులకు జూనియర్లను పంపి, తాను బయట లెక్కలు చూసుకుంటున్నదట. సూది అందిస్తుంటే చేయి వణికిందని, ఎవరైనా గమనిస్తే థియేటరు నుంచి తీసేస్తారని భయం. నర్సింగ్ సూపరింటెండెంటుకు కూడా చెప్పలేదు. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. (ఇదంతా ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము. "వ్రాయండి, నాలాగా దాచుకునేవాళ్ళు ఇంకా ఉంటారు" అన్నది.)

రక్తపరీక్షలో థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తున్నదని తేలింది. మనలో చాలామందికి తెలిసింది థైరాయిడ్ తక్కువ కావడం, బరువు పెరగడం. ఇది దానికి ఎదురు. తిండి తింటున్నా బరువు తగ్గుతుంది, వేడి ఓర్చుకోలేరు, గుండె వేగంగా కొట్టుకుంటుంది, వేళ్ళు సన్నగా వణుకుతాయి. వదిలేస్తే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. డాక్టరుగారు కార్బిమజోల్ మాత్రలు, వణుకూ దడా తగ్గడానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవారు వాడకూడదు కాబట్టి, ఒకరికి వ్రాసిన చీటీతో మరొకరు కొనుక్కోవద్దు. కార్బిమజోల్ వాడేవారు ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. గొంతు నొప్పి గాని, జ్వరం గాని, నోటిలో పుండ్లు గాని వస్తే ఆ మాత్ర ఆపి, అదే రోజు వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. అరుదుగానే అయినా ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది.

చేయి వణికిన ప్రతివారికీ థైరాయిడ్ ఉన్నదని కాదు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ వల్ల వణుకు వస్తుంది, ముఖ్యంగా మాత్రలు వేసుకునేవారికి. షుగర్ మాత్రలు వేసుకొని అన్నం ఆలస్యం చేస్తే వణుకుతో పాటు చెమటలు పడతాయి, అప్పుడు వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. కొన్ని కుటుంబాల్లో తండ్రికీ కొడుక్కీ కూడా గ్లాసు ఎత్తేటప్పుడు చేయి వణుకుతుంది. పార్కిన్సన్స్ జబ్బులో చేయి ఊరకే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, సాధారణంగా ముందు ఒక పక్కనే. వయసు మీద పడింది అని సరిపెట్టుకోకుండా చూపించుకోండి.

రెండు నెలలు గడిచాక ఒక గురువారం ఆమె ఎవరూ అడగకుండానే గుర్రం బొమ్మను ముందుకు లాక్కొని కళ్ళెం గీసింది. తిన్నగా వచ్చింది. ఎవరమూ ఏమీ అనలేదు. టీ తెప్పించుకున్నాము. అప్పటికి ఆమె మళ్ళీ థియేటరులో సూది అందిస్తున్నది.

ఇక రంగుల సంగతి. పెట్టె దొరికిన రోజునే ఒక పొరపాటు జరిగింది. చిన్న సిస్టర్లు ముచ్చటపడి రెండు కాలిబంట్లను పిల్లల వార్డులో ఇచ్చారు. మేము వెళ్ళేసరికి రెండేళ్ళవాడొకడు ఒక బంటు తల చప్పరిస్తున్నాడు. మా గుండె ఆగినంత పని అయింది. ఎందుకంటే అవి ముప్పై ఏళ్ళనాటి ఎనామిల్ రంగులు. ఆ రోజుల్లో పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం కలపడం మామూలు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నియమాలు చేసి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. అంతకు ముందు డబ్బాలో ఏమున్నదో డబ్బాకే తెలియాలి. మింగిన సీసాన్ని పెద్దల శరీరం కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. రక్తంలో ఇంత ఉంటే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వాడి నోరు, చేతులు కడిగించి, డాక్టరుగారికి చెప్పి, తల్లికి కూడా దాచకుండా చెప్పాము. బొమ్మలు వెనక్కు తెచ్చేశాము.

మీ ఇళ్ళలో కూడా అమ్మమ్మల కాలం నాటి రంగు బొమ్మలు, ఉయ్యాల బల్లలు, పాత పెయింటు తలుపులు ఉంటాయి. పెచ్చులూడుతుంటే పిల్లలను దూరంగా ఉంచండి. ఉప్పు కాగితంతో పొడిగా గీకవద్దు, ఆ దుమ్మే అసలు ప్రమాదం. తడిబట్టతో తుడవండి. ఈ కారణం చేతనే మా పాత సైన్యానికి మళ్ళీ రంగు వేసే ఆలోచన మానుకున్నాము. ఆ పద్నాలుగు మందీ ఇప్పుడు అద్దాల బీరువాలో ఉన్నారు, రంగులు వెలిసినా అలాగే.

కుంచె కొనను పెదవులతో తడిపి సన్నం చేసే అలవాటు కూడా మానేశాము. హాస్టలులో ముగ్గురమూ అలాగే చేసేవాళ్ళం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో, 1917 నుంచి కొన్నేళ్ళపాటు, చీకట్లో మెరిసే గడియారపు అంకెలకు రేడియం రంగు వేసిన యువతులకు కుంచెను పెదవులతోనే సన్నం చేయమని నేర్పారు. దవడ ఎముకలు పుచ్చి, రక్తం విరిగి, చాలామంది చనిపోయారు. బ్రతికి ఉన్నవారిలో ఐదుగురు కోర్టుకెక్కారు, 1928లో రాజీతో వారికి పరిహారం దక్కింది. మా రంగుల్లో రేడియం లేదు నిజమే. అయినా నోటికీ రంగుకూ పొత్తు ఎందుకు? ఇప్పుడు నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులు వాడుతున్నాము. తిన్నరు వాసన లేదు, తలనొప్పి లేదు. కిటికీలు మాత్రం తెరిచే ఉంచుతాము, వైరా ఎండలో ఎలాగూ తప్పదు.

కొత్త బొమ్మల కోసం 2022 డిసెంబరులో మధిర వెళ్ళి, అక్కడ రైలెక్కి కొండపల్లి స్టేషనులో దిగాము. మాకు నేర్పిన పెద్దావిడ లేదు. పొణికి కర్ర మునుపటిలా దొరకడం లేదని ఆ వీధిలో వాపోయారు. రంగు వేయని బొమ్మలు అమ్మడానికి మొదట సందేహించారు, ఆమె పేరు చెప్పాక ఇచ్చారు.

ఈసారి అంబారీ మీద ఎవరో ఒక రాజు కాదు, ఫలానా రాజు ఉండాలని అక్క పట్టుపట్టింది. మన భద్రాచలం పక్కనే కదా అని అబుల్ హసన్ తానీషాను ఎంచుకున్నాము. మన ప్రాంతానికి కంచర్ల గోపన్నను తహసీల్దారుగా పెట్టినది ఆయన ప్రభుత్వమే. గోల్కొండ చిత్రాల్లో ఆయన కాలపు దొరలు పొడుగాటి పల్చని తెల్ల జామా, నడుముకు జరీ నడికట్టు, తలపాగాతో కనబడతారు. పల్చని తెలుపు వేయడం ఎంత కష్టమో మూడుసార్లు చెరిపాక తెలిసింది. ముందు ఒంటి రంగు, దాని మీద నీళ్ళంటి తెలుపు, ఆరాక మరొకటి. చిక్కగా వేస్తే తానీషా కాస్తా పిండి బొమ్మ అవుతాడు. బంట్లకు మాత్రం తలా ఒక రంగు బట్టలు వేశాము. ఆ కాలంలో ఇప్పటి పోలీసుల్లాగా అందరికీ ఒకే యూనిఫారం ఉండేది కాదు.

ఏనుగు, మావటి, గొడుగు, సైన్యం అన్నీ అయ్యాయి. గొడుగు నీలం మాత్రం మరీ గాఢంగా ఉన్నదని మేమంటే, వెలిసినట్టున్నదని అక్క ఇంకో పూత వేసింది. ఆమె కంటిలో శుక్లం ముదిరింది. శుక్లం పసుపు పచ్చని అద్దంలాగా అడ్డుపడి నీలాన్ని మింగేస్తుంది. మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1923లో శుక్లం తీయించుకునేదాకా ఇదే బాధ పడ్డాడని చెప్పి ఆమెను ఒప్పించాము. వచ్చే నెలలో ఆపరేషను. ఏనుగుకు, రాజుకు ఇంకా కళ్ళు పెట్టలేదు. ఆపరేషను అయి, చుక్కల మందు ముగిసి, కొత్త అద్దాలు వచ్చాక అవి తానే దిద్దుతానని, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని అక్క చెప్పి వెళ్ళింది.